వాక్యము తెలిసినవారము – కృప పొందినవారము

(అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పెద్దలు, స్త్రీల సమాజములవారు కూడిన సభలో ఒక గురువు చేసిన ప్రసంగము)



ఈ సభలో మాట్లాడుమని కార్యదర్శిగారు మాకు ఉత్తరము వ్రాసినప్పుడు అంశము కూడ వారే నిర్ణయించి పంపారు. వాక్య జ్ఞానమును కృపను అనుదిన జీవితములో ఎట్లు కలిపి నడుపుకొనవలెను అన్నది అంశము. చూడగానే సులువైనదే అనుకున్నాము. రెండు రోజులు కూర్చుండి నోట్సు వ్రాసుకున్నాము. మూడవ రోజున మా సతీమణి ఆ కాగితములు చదివి, "అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఆ గిన్నె సంగతి చెప్పరా?" అని అడిగినది. ఆ నోట్సు అక్కడనే ప్రక్కన పెట్టవలసి వచ్చినది. కనుక గిన్నె సంగతితోనే మొదలుపెట్టుచున్నాము. అది మాకు గౌరవము తెచ్చే సంగతి కాదు.

మేము దైవశాస్త్ర కళాశాలలో చదువు ముగించుకొని మొదటి పాస్టరేటుకు వెళ్ళి ఇరువది ఏండ్లు దాటినది. తొమ్మిది గ్రామములు, ఒక పాత మోటారు సైకిలు, రెండు పెట్టెల పుస్తకములు. గ్రీకు భాష కొంచెము వచ్చును. అది వచ్చునని నలుగురికి తెలియవలెనన్న కోరిక మాత్రము చాలా ఉండేది. ఆ తొమ్మిదింటిలో ఒక గ్రామములో ముప్పది కుటుంబముల సంఘము. అందులో ఒక చెల్లెలు భర్తతో కూడ బాప్తిస్మము పొంది అప్పటికి రెండేండ్లు. ఆమె పుట్టిల్లు ప్రక్క ఊరే. పుట్టింటివారు విశ్వాసులు కారు.

ఆ సంవత్సరము ప్రక్క ఊరిలో పోలేరమ్మ జాతర జరిగినది. మరునాడు ఆమె తల్లి ఒక స్టీలు గిన్నె నిండ మాంసము కూర పెట్టి, పైన గుడ్డ కట్టి, చిన్న కొడుకు చేత పంపినది. ఈమె పుచ్చుకున్నది. పిల్లలకు పెట్టినది, తానును తిన్నది. పొరుగువారు చూశారు. శనివారము సాయంత్రము కమిటీ సభ్యులు ఒకరు మా యొద్దకు వచ్చి, అధ్యాయము, వచనము సహా ఫిర్యాదు చేశారు. ఆయనకు బైబిలులో చాలా భాగములు నోటికి వచ్చును. మాకు కూడ వచ్చును గదా. ఆ రాత్రి కూర్చుండి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదియవ అధ్యాయము మీద ప్రసంగము సిద్ధపరచుకున్నాము. ప్రభువు బల్లలోను దయ్యముల బల్లలోను ఒకేసారి పాలు పొందలేమని పౌలు చెప్పు భాగమది.

ఆదివారము నలుబది నిమిషములు మాట్లాడాము. పేరు చెప్పలేదు. ముప్పది కుటుంబముల సంఘములో పేరు చెప్పనక్కరలేదు. ప్రసంగము సగములో ఆమె కొంగు సవరించుకొని, చిన్నపిల్లను చంకనెత్తుకొని, ప్రక్క ద్వారము గుండా వెళ్ళిపోవుట వేదిక మీదనుండి మాకు కనిపించినది. మరుసటి ఆదివారము రాలేదు. ఆపై ఆదివారము కూడ రాలేదు. మూడు నెలలు ప్రభురాత్రి భోజనమునకు రాలేదు. రిజిస్టరులో గైర్హాజరు అని వ్రాసుకున్నాము. వాక్యము ఖడ్గము వంటిది గదా, అది తన పని చేసినదని మాలో మేము చెప్పుకొన్నాము కూడ.

సహోదరులారా, మేము ఆ ఆదివారము చెప్పిన దానిలో తప్పు బోధ ఒక్కటి కూడ లేదు. ఇప్పటికీ ఆ మాటలను వెనుకకు తీసుకొనము. అందువలననే ఈ సంగతి మమ్మును ఇన్నాళ్ళు విడువలేదు.

మేము చదివిన అదే పత్రికలో రెండు అధ్యాయములు వెనుకకు వెళ్ళి, కొరింథులో ఏమి జరిగినదో చూతము. కొరింథు రెండు రేవుల నడుమనున్న వ్యాపార పట్టణము. క్రీ.పూ. 146లో రోమీయులు దానిని నేలమట్టము చేయగా, క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు ఆజ్ఞతో మరల నిలిచినది. పౌలు అక్కడ పదునెనిమిది నెలలు ఉండి సంఘమును కట్టాడు. గల్లియో అక్కడ అధిపతిగా ఉన్న కాలమును డెల్ఫీలో దొరికిన ఒక శాసనమును బట్టి క్రీ.శ. 51–52 ప్రాంతమని పండితులు లెక్కకట్టారు. ఆ పట్టణములో స్వస్థత దేవుడని పేరుపొందిన అస్క్లేపియస్ గుడి దగ్గర త్రవ్వకములు జరుపగా, గోడల వెంట ఆనుకొని భోజనము చేయుటకు ఏర్పాటు చేసిన మూడు గదులు బయటపడినవి. అనగా పెండ్లి విందైనను, రోగము నయమైన మ్రొక్కుబడి విందైనను గుడి ఆవరణలోనే జరుగుచుండేది. చుట్టములు పిలిచెదరు. వెళ్ళవలెనా, మానవలెనా? మన గ్రామములలో ఈనాటికిని ఇదే ప్రశ్న.

సంఘములో కొందరు చదువుకొన్నవారు దీనికి జవాబు కనుగొన్నారు. విగ్రహము వట్టిది, దేవుడు ఒక్కడే, కాబట్టి మాంసము మాంసమే, తినవచ్చును అన్నారు. పౌలు ఎనిమిదవ అధ్యాయములో వారి సిద్ధాంతమును ఖండించలేదు. దేవుడు ఒక్కడే అను మాట నిజమేనని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొనిన పిమ్మట, ఆ జ్ఞానము వారిని ఏమి చేసినదో చూపించాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటకు గాలి ఊది ఉబ్బించుట అని అర్థము. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఎట్లు ఉబ్బునో అట్లు. ప్రేమను గూర్చి మాత్రము ఇల్లు కట్టుట అను మాట వాడాడు. తరువాత, నిన్న మొన్నటిదాక విగ్రహమును మ్రొక్కి, ఇంకను భయము వదలని ఒక బలహీనుడైన సహోదరుని మధ్యకు తెచ్చి నిలువబెట్టాడు. నీవు గుడిలో కూర్చుండి తినుట చూచి అతడు తన మనస్సాక్షికి విరోధముగా తినునేమో, నీ తెలివి వలన అతడు నశించునేమో, అతని కొరకు కూడ క్రీస్తు మరణించెను గదా అని అడిగాడు. అట్లయితే నేను జన్మమంతా మాంసమే ముట్టను అని తన సంగతి తేల్చివేశాడు.

ఒక చిత్రము గమనించండి. కొరింథులో తెలిసినవారు తినవచ్చునన్నారు. మా సంఘములో తెలిసినవారమైన మేము తినరాదన్నాము. రెండు జవాబులు ఒకదానికొకటి ఎదురు. కాని రెండు చోట్లను దెబ్బ తగిలినది ఒకే విధమైన మనిషికి. సంఘములో క్రొత్తగా అడుగుపెట్టి, ఒక కాలు ఇంకను పాత గుమ్మములో ఉన్న మనిషికి. పౌలు ప్రశ్న, ఎవరి జవాబు సరియైనది అన్న దగ్గర ఆగలేదు. నీ జవాబు ఆ మనిషి మీద ఎట్లు పడినది అన్న దగ్గరికి వెళ్ళినది. మాకు పదియవ అధ్యాయము కంఠస్థము. ఎనిమిదవ అధ్యాయము మీద పరీక్షలో వ్యాసము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవారమే. ఆ ఆదివారము మాత్రము అది గుర్తుకు రాలేదు.

ఈనాడు వాక్య జ్ఞానము సంపాదించుట మన పితరులకు ఉన్నంత కష్టము కాదు. సెల్‌ఫోనులో ఒక మాట కొట్టిన యెడల, అది బైబిలులో ఎన్నిచోట్ల ఉన్నదో క్షణములో తెలియును. కమిటీ మీటింగులో వాదన ముదిరినప్పుడు నలుగురు జేబులలోనుండి ఫోనులు తీయుట మేము చూచుచున్నాము. నాలుగు వచనములు బల్ల మీద పడును. అరణ్యములో శోధకుడు కూడ కీర్తనల గ్రంథములోనుండి వచనమెత్తి చూపెనని ఆ సమయములో ఎవరును జ్ఞాపకము చేసికొనరు.

ఆ గ్రామములో పని విరమించిన ఒక ముసలి ఉపదేశిగారు ఉండేవారు. అయిదవ తరగతి వరకే చదువు. ఆయన భార్య బైబిలు స్త్రీగా పనిచేసి ప్రభువునందు నిద్రించినది. ఈ మూడు నెలలును ఆయన ప్రతి శుక్రవారము ఆ చెల్లెలి ఇంటికి వెళ్ళుచున్నారని మాకు తెలిసినది. ఒక కీర్తన చెప్పి, ప్రార్థన చేసి, ఇచ్చిన మజ్జిగ త్రాగి, పిల్లను కాసేపు ఒడిలో ఆడించి వచ్చుచున్నారట. మాకు కొంచెము కోపము వచ్చినమాట నిజము. గురువు ఖండించిన చోట ఉపదేశి మజ్జిగ త్రాగుట ఏమి అనుకున్నాము. ఒకనాడు దారిలో కనబడితే అడిగాము.

"ఉపదేశిగారూ, ఆమెకు జాతర సంగతి ఏమని బోధిస్తున్నారు?"

"ఏమీ బోధించట్లేదండి అయ్యగారూ. ఆ సంగతి నేనెత్తలేదు."

"మరి వెళ్ళుట దేనికండి?"

ఆయన కండువాతో మొగము తుడుచుకొని, నెమ్మదిగా అన్నారు: "వాక్యం మీరు చెప్పేశారు కదండీ. అది ముల్లులాగా లోపల దిగింది. ముల్లు తీసుకునేదాకా ఎవరో ఒకరు ఆ కాలు పట్టుకోవాలి కదండీ."

కళాశాలలో మాకు కాపరి పరిచర్యను గూర్చి ఒక సంవత్సరమంతా పాఠములు చెప్పారు. మంచి పాఠములే. కాని ఈ ఒక్క మాట ఆ పుస్తకములలో మాకు దొరకలేదు.

అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయములో అపొల్లో అను పండితుడు కనిపించును. అలెక్సంద్రియవాడు, వాగ్ధాటి గలవాడు, లేఖనములందు ప్రవీణుడు. ఎఫెసు సమాజమందిరములో ధైర్యముగా మాట్లాడుచున్నాడు గాని, యోహాను బాప్తిస్మము మట్టుకే తెలిసినవాడు. బోధలో లోటు ఉన్నది. విన్నవారిలో అకుల, ప్రిస్కిల్ల అను డేరాలు కుట్టి బ్రతుకు భార్యాభర్తలు ఉన్నారు. లోటు వారికి తెలిసినది. సభలో లేచి నిలువలేదు. అతనిని తమ యొద్దకు చేర్చుకొని, దేవుని మార్గమును మరింత బాగుగా విశదపరచిరి. బహుశః ఇంటికి పిలిచి భోజనము కూడ పెట్టి ఉందురు అని మా ఊహ. ఆ పండితుడు ఆ కష్టజీవుల మాట విన్నాడు. ఇది కూడ చిన్న సంగతి కాదు. అక్కడనుండి అతడు వెళ్ళినది అకయకు, అనగా కొరింథుకే. తరువాత ఆ కొరింథువారు నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని చీలిపోయారు గాని, అపొల్లో పౌలుకు తోటి పనివాడుగానే నిలిచాడు.

మన తెలుగు సంఘ చరిత్రలో ఈ సంగతిని బాగా గ్రహించినవారు బిషప్పు అజరయ్యగారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో దోర్నకల్ ప్రాంతమునకు మిషనెరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినారు. దానికి రెండేండ్ల ముందు, 1910లో, స్కాట్లాండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. వచ్చినవారు దాదాపు పన్నెండు వందలమంది. అత్యధికులు పాశ్చాత్యులు. ఆ సభలో ముప్పదియైదేండ్ల అజరయ్యగారు లేచి, మిషనెరీల త్యాగమును, శ్రమను మెచ్చుకొని, వారు ఇంకను ఇవ్వవలసినది ఒకటి ఉన్నదని, అది స్నేహమని చెప్పారు. పాఠశాలలు వచ్చినవి, ఆసుపత్రులు వచ్చినవి, బైబిలు వచ్చినది. కాని తెచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని నడుమ దూరము ఉండిపోయినదని వారి భావము. సభలో కొందరికి ఆ మాటలు రుచించలేదు. నూరేండ్లు దాటినను ఆ మాటలు ఇంకను చెప్పుకొనబడుచున్నవి.

అజరయ్యగారు జ్ఞానమును తక్కువ చేసినవారని మాత్రము అనుకొనకండి. అక్షరము రాని పల్లె ప్రజలకు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, ఆజ్ఞలు, సువార్త కథలు, కీర్తనలు నోటి ద్వారానే నేర్పించవలెనని వారు పట్టుబట్టారు. ఉపదేశకులతో పాటు వారి భార్యలకు కూడ శిక్షణ ఇప్పించారు. మన అవ్వలు చదువు రాకపోయినను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకము పుస్తకము లేకుండ పాడుట మీలో చాలామంది విన్నవారే. వరి నాట్లు వేయుచు పాడిన ఆ తల్లులకు వాక్యమును కృపను వేరుచేయుట తెలియదు.

ఇక రెండవ వైపు చెప్పకపోతే మేము మీకు మోసము చేసినవారము అవుదుము. ఇదంతా విని, ప్రేమ ఉంటే చాలును, వాక్యము పట్టి నిలదీయుట ఎందుకు అని ఎవరైనను ఇంటికి వెళ్ళిన యెడల మా ప్రయాస వ్యర్థమే. కృప వేరు, మొహమాటము వేరు. మన సంఘములలో ఈ రెండును ఒకటే అనుకొనుట బాగా అలవాటైపోయినది.

కట్నము సంగతి తీసుకొనండి. వరకట్న నిషేధ చట్టము వచ్చినది 1961లో. ఇచ్చుట నేరము, పుచ్చుకొనుట నేరము. దేవుని వాక్యము ఎదుట అది ఏమి అవునో మనకు వేరే చెప్పనక్కరలేదు. అయినను ఆదివారములు గుడిలో పెండ్లి చాటింపు చదువునప్పుడు, ఆ పెండ్లికి ఎంత మాట్లాడుకొన్నారో సంఘమంతటికి తెలియును. వేదిక మీద చదువుచున్న గురువుకు కూడ తెలియును. మాకు కూడ తెలిసి ఊరకున్న సందర్భములున్నవి. పెండ్లికుమారుని తండ్రి కమిటీలో పెద్ద. గుడి కప్పుకు సిమెంటు ఇచ్చినవాడు. ఆయనతో వాక్యము మాట్లాడవలసినప్పుడు మనకు కృప జ్ఞాపకము వచ్చును. జాతర కూర తిన్న పేద చెల్లెలితో కృపతో మాట్లాడవలసినప్పుడు మనకు వాక్యము జ్ఞాపకము వచ్చును. మా ఇరువది ఏండ్ల పరిచర్యలో మాకు అర్థమైనంతవరకు, మనలోని అసలు లోపము ఇదే. జ్ఞానము ఎక్కువై కాదు, కృప తక్కువై కాదు. ఎవరికి ఏది వడ్డించుచున్నాము అన్న దగ్గరనే పంక్తి భేదము ఉన్నది.

జర్మనీ దేశపు గురువు డీట్రిచ్ బాన్‌హాఫర్ 1937లో ప్రకటించిన గ్రంథములో, పశ్చాత్తాపము అడుగని కృపను చౌక సరుకుతో పోల్చారు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఆయనను ఉరితీశారు. ఆయన దేశపు సంఘములో వేదాంతము తెలిసినవారికి కొదువ లేదు. అధికారమును ఎదిరించి మాట్లాడినవారే కొద్దిమంది. పెద్దవారి యెదుట సత్యము చెప్పుటకు కూడ కృపయే కావలెను. మొహమాటము ఆ పని చేయలేదు. చెప్పునప్పుడు కూడ అకుల, ప్రిస్కిల్లల మార్గమున్నది. చాటింపుకు ముందే ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, తలుపు వేసుకొని, కూర్చుండి మాట్లాడవచ్చును. గత కొన్నేండ్లుగా మేము అట్లు చేయుచున్నాము. రెండు ఇండ్లలో విన్నారు. ఒక ఇంటిలో మాకు కాఫీ కూడ ఇవ్వలేదు.

ఆ గిన్నె సంగతి సగములో వదలితిమి.

ఉపదేశిగారి మాట విన్న శుక్రవారము మేమును ఆయన వెంట ఆ ఇంటికి వెళ్ళాము. ఆమె చాప వేసినది. తల ఎత్తలేదు. చాలాసేపటికి తానే మాట్లాడినది.

"మీరు చెప్పింది అబద్ధమేమీ కాదండి అయ్యగారూ. నాకూ తెలుసు. బాప్తిస్మం పుచ్చుకున్నానని మా అమ్మ రెండేళ్ళు నాతో మాట్లాడలేదండి. బిడ్డ పుట్టినా చూడ్డానికి రాలేదు. ఆ గిన్నే ఆమె పంపిన మొదటి మాటండి. తిరిగి ఎట్లా పంపేది?"

మేము కొరింథు బజారును గూర్చి, అక్కడి గుడుల విందులను గూర్చి నలుబది నిమిషములు చెప్పగలిగినవారము. మూడు మైళ్ళ దూరమునుండి వచ్చిన ఆ గిన్నెను గూర్చి ఒక్క ప్రశ్న కూడ అడిగి ఉండలేదు. ఆ చాప మీదనే ఆమెను, ఆమె భర్తను క్షమాపణ అడిగాము. ఉపదేశిగారు ఏమియు అనక బైబిలు తీసి మా చేతికిచ్చారు. పదియవ అధ్యాయము ఈసారి చివరివరకు చదివాము. అవిశ్వాసి యొకడు నిన్ను భోజనమునకు పిలిచిన యెడల ఏమి చేయవలెను, ఇది బలి అర్పించినదని ఎవరైనను చెప్పిన యెడల ఏమి చేయవలెను అని పౌలు ఓపికగా వివరించిన భాగము అక్కడనే ఉన్నది. మా ప్రసంగములో మేము అంతదూరము రానేలేదు.

"మరి వచ్చే ఏడు పంపితే ఏం చెయ్యాలండి?" అని ఆమె అడిగినది.

మా నోటి చివరనున్న జవాబును ఆపుకొని, "నీకేమి తోచుచున్నదమ్మా?" అని అడిగాము. ఆమె, ఆమె భర్త, ఉపదేశిగారు ముగ్గురును చాలాసేపు మాట్లాడుకొన్నారు. మేము విన్నాము.

మరుసటి సంవత్సరము జాతరకు వారము ముందుగానే ఆమె పిల్లలను తీసుకొని తల్లి ఇంటికి వెళ్ళినది. రెండు రోజులుండి, వండి పెట్టి, తల్లితో కలిసి తిన్నది. వచ్చునప్పుడు, "అమ్మా, జాతర కూర పంపొద్దు. అది తింటే నా మనసు ఒప్పుకోదు. ఆవకాయ పెడతావు కదా, అది పంపు" అని చెప్పి వచ్చినదట. తల్లి అలిగినది. జాతర వెళ్ళిన పది రోజులకు ఆవకాయ జాడీ వచ్చినది. అందులో ఒక గిన్నెడు మా ఇంటికి కూడ చేరినది.

ఆ పెద్దమ్మ బాప్తిస్మము తీసుకొనలేదు. మేము ఆ పాస్టరేటు వదలి వచ్చేనాటికి మాత్రము, క్రిస్మస్ ఆరాధనకు కూతురి వెంట వచ్చి, మనుమరాలిని ఒడిలో పెట్టుకొని, ప్రక్క ద్వారము దగ్గర కూర్చుండేది.